"మావాడికి ఒళ్లు వంగదు" అంటున్న ఒక తండ్రికి

పెద్దపల్లి దగ్గర కిరాణా కొట్టు నడుపుకునే ఒక తండ్రి రాశారు. కొడుకు మెకానికల్ బీటెక్, 27 ఏళ్లు, నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఉండి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నాడు, ఈయన నెలకు 12 వేలు పంపుతున్నారు. "నేను పదిహేనేళ్లకే వేరేవాళ్ల కొట్లో పొట్లాలు కట్టాను. ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు. ప్రభుత్వం ఉద్యోగమైనా ఇవ్వాలి, భృతి అయినా ఇవ్వాలి. డబ్బు ఆపేసి కొట్లో కూర్చోబెట్టనా?" అన్నది ఆయన ప్రశ్న.

సార్, ముందు ఆ ఒళ్లు వంగదన్న మాట పక్కన పెట్టండి. ఒకరోజు పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి, సీటు కోసం పిల్లలు ఎలా పోటీ పడతారో, చీకటి పడేదాకా ఎలా కూర్చుంటారో. మీ కొట్లో గుమాస్తా అంత కష్టపడితే అడక్కుండానే జీతం పెంచేవారు. మీరు పొట్లాలు కట్టినందుకు నెల తిరిగేసరికి డబ్బు చేతికొచ్చింది, వీళ్ల కష్టానికి కూలి ఎప్పుడో ఒకేసారి వస్తుంది, అదీ కొందరికే. 2024 గ్రూప్-1లో పోస్టులు 563, దరఖాస్తులు నాలుగు లక్షలకు పైనే. మిగిలినవాళ్లంతా సోమరులేనా?

పైగా మీవాడు దిగిన కాలం చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్, అక్టోబర్‌లో ప్రిలిమ్స్, 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి ఆ పరీక్ష రద్దు, జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబర్‌లో దాన్ని హైకోర్టు రద్దు చేసింది, చివరికి 2024 ఫిబ్రవరిలో పాతదంతా ఎత్తేసి 563తో కొత్త నోటిఫికేషన్. చదివిన పుస్తకాన్నే మూడోసారి చదవాల్సి వచ్చినవాడి మీద బద్ధకం అనే మాట వేయడం అన్యాయం.

ఇక నిరుద్యోగ భృతి. తెలంగాణలో 2018 ఎన్నికల్లో నెలకు 3,016 అన్నారు, 2023లో ఇంకో పార్టీ 4,000 అంది. ఆంధ్రాలో 2018లో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి నిజంగానే ఇచ్చారు, తర్వాత రెండు వేలు చేశారు, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. అలాంటిదాన్ని నమ్ముకుని ఇంటి లెక్క వేసుకోకండి. అయినా మీ ఇంట్లో భృతి నాలుగేళ్లుగా నడుస్తూనే ఉంది కదా, ఇచ్చేది మీరు, ఇప్పటికి 5,76,000 రూపాయలు. తప్పని అనడం లేదు. అలాంటి గదిలోనే ఉండే ఇంకో కుర్రాడి తండ్రి వడ్డీకి తెచ్చి పంపుతాడు, రెండో ఏడాదికే అవి ఆగిపోయి పిల్లాడు డెలివరీ బండి ఎక్కుతాడు, అందుకని అతను కష్టజీవి, మీవాడు కాదు అని కాదు, ఆగగలిగే స్తోమత ఉన్నవాడు ఆగుతున్నాడు, అంతే. (అన్నట్టు, వారంలో ఒక్క గంట పని దొరికినా ప్రభుత్వ నిరుద్యోగ సర్వేలో ఆ వారానికి పని ఉన్నట్టే లెక్క. నిరుద్యోగం తగ్గిందని టీవీలో చెప్తే అశోక్‌నగర్‌లో ఎవరూ పండగ చేసుకోకపోవడానికి అదో కారణం.)

నా భయమంతా వయసు గురించి. తెలంగాణలో గ్రూప్-1 లాంటి పోస్టులకు గరిష్ఠ వయసు 2024లో రెండేళ్లపాటు 46కి పెంచారు. పిల్లలు దాన్ని వరం అనుకుంటారు, నాకైతే "ఇంకా టైముంది" అనే మాట ఊబిలా కనిపిస్తుంది, ఎందుకంటే మిగతా తలుపులు ఆగవు. కేంద్రం పీఎం ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు నెలకు 5,000 ఇస్తాం, 21 నుంచి 24 ఏళ్లవాళ్లకే అన్నారు, మీవాడికి అప్పటికే దాటిపోయింది. ప్రైవేటులో 27 ఏళ్ల ఫ్రెషర్‌ని కనీసం "ఇన్నాళ్లు ఏం చేశావ్" అని అడుగుతారు, 31 వస్తే పిలవడమే కష్టం.

అందుకే డబ్బు ఇప్పటికిప్పుడు ఆపకండి, గడువు పెట్టండి. ఏడాదిన్నర చాలు, తేదీ వాడితోనే చెప్పించండి. ఈలోపు అటకెక్కిన ఆ మెకానికల్ పుస్తకాలు దించమనండి, రైల్వే జేఈ (జూనియర్ ఇంజినీర్), కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) జేఈ రెండింటికీ మూల వేతనం 35,400, వాటికి గ్రూప్స్ వాళ్లంతా పోటీకి రాలేరు, చదివిన జీకే కూడా వృథా కాదు. రోజుకు మూడు గంటలు డిప్లొమా పిల్లలకు ట్యూషన్ చెప్పినా మెస్ బిల్లు వెళ్లిపోతుంది, రెజ్యూమెలో రాసుకోవడానికి ఒక లైనూ వస్తుంది. మీరు పంపే 12 వేలను ఆరు నెలలకోసారి రెండేసి వేలు తగ్గించండి, కానీ ముందే చెప్పి.

కొట్టు సంగతి చివరికి ఉంచుకోండి. వస్తానంటే జీతం మాట్లాడి, లెక్కలు వాడి చేతికిచ్చి రప్పించండి, శిక్ష వేసినట్టు కాదు. ఇదంతా ఫోన్లో మాట్లాడొద్దు, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడండి, అదీ షట్టర్ దించాక, గిరాకీ ముందు అస్సలు వద్దు.