బ్రేకు నొక్కితే వెనక లైటు ఎందుకు ఆరుతోంది?

ప్రశ్న: మాది 2012లో కొన్న హ్యాచ్‌బ్యాక్ కారు. రాత్రి పూట కుడివైపు వెనక లైటు బాగానే వెలుగుతుంది కాని, బ్రేకు నొక్కగానే దాదాపు ఆరిపోతోంది. పగలు బ్రేకు వేస్తే మసకగా వెలుగుతోంది. ఇండికేటర్ వేస్తే ఎర్రలైటు కూడా దానితోపాటు కొట్టుకుంటోంది. బల్బు రెండుసార్లు మార్చాం. వైరింగ్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఎల్‌ఈడీ బల్బు వేస్తే సరిపోతుందా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వైరింగ్ మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒక్క చోటికే వేలు చూపిస్తున్నాయి: ఆ లైటుకు ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారి) సరిగా అందడం లేదు.

మీ కారులో ఉండేది దుకాణాల్లో డబుల్ కాంటాక్ట్ అని అడిగే పి21/5డబ్ల్యూ బల్బు అయి ఉంటుంది. అందులో బ్రేకుకు 21 వాట్లు, రాత్రి లైటుకు 5 వాట్లు చొప్పున రెండు ఫిలమెంట్లు ఉంటాయి. రెండింటికీ తిరుగుదారి ఒకటే, అదే ఎర్త్. ఆ దారి మూసుకుపోయినప్పుడు 5 వాట్ల ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు 21 వాట్ల ఫిలమెంటు గుండా వెనక్కి నడిచి, బ్రేకు వైరు పట్టుకుని, ఎడమవైపు బ్రేకు బల్బు ద్వారా ఎర్త్‌కు చేరుతుంది. పెద్ద ఫిలమెంటు అడ్డగించేది తక్కువ కనుక చిన్నది దాదాపు మామూలుగానే వెలుగుతుంది, మీకు అనుమానమే రాదు. బ్రేకు నొక్కగానే అటువైపు నుంచీ 12 వోల్టులు వచ్చి నిలబడతాయి. రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటే కరెంటు ఎటు పారుతుంది? అదే ఎర్త్‌ను పంచుకునే ఇండికేటర్, రివర్స్ బల్బుల గుండా దొరికిన సందులో కాస్త పారుతుంది కాబట్టే లైటు పూర్తిగా ఆరకుండా మినుకుతోంది. ఇలాంటి కేసులో నేనూ ఒకప్పుడు మూడు బల్బులు కొన్న తరువాతే ఎర్త్ వైపు చూశాను.

నిర్ధారణకు ఒక మూర వైరు ముక్క చాలు. డిక్కీ తెరిచి, లైటు స్క్రూలు విప్పి, ఒకరిని బ్రేకు నొక్కి ఉంచమని, హోల్డరుకు వచ్చే ఎర్త్ వైరును (చాలా కార్లలో నలుపు లేదా గోధుమ రంగు, మీ కారు వైరింగ్ చిత్రంలో సరిచూసుకోండి) ఆ ముక్కతో బాడీలో రంగు లేని ఇనుముకు తాకించండి. బ్రేకు లైటు వెంటనే నిండుగా వెలిగితే దోషం దొరికినట్టే. పొరపాటున కరెంటు వచ్చే వైరును తాకిస్తే ఫ్యూజ్ పోతుంది, జాగ్రత్త.

మల్టీమీటరు ఉన్నవారు సాధారణంగా బీప్ శబ్దం విని ఎర్త్ బాగుందని తేల్చేస్తారు, ఇక్కడే మోసపోతారు. మీటరు పంపేది అతి స్వల్పమైన కరెంటు, అది తెగిపోగా మిగిలిన ఒక్క రాగి పోగు గుండా కూడా వెళ్ళగలదు. బ్రేకు ఫిలమెంటుకు కావలసింది సుమారు 1.75 ఆంపియర్లు. అందువల్ల బ్రేకు నొక్కి ఉంచి, హోల్డరు ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది, ఒకటి రెండు వోల్టులు దాటితే దారి పాడైనట్టు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గినా వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది.

తుప్పు రెండు చోట్ల పడుతుంది. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర అయితే ఎమరీ పేపరుతో రుద్ది, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్ళో ఈ పూత తప్పనిసరి. కప్లర్‌లో (వైర్లను లైటుకు కలిపే ప్లాస్టిక్ ముక్కలో) ఎర్త్ పిన్ను వేడికి గోధుమ రంగు తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంటే శుభ్రం చేసినా కొన్నాళ్ళకే మళ్ళీ మొదలవుతుంది, కప్లర్‌ను, అవసరమైతే హోల్డరును కూడా మార్పించండి. లోపల నీటి తేమ కనిపిస్తే రబ్బరు గాస్కెట్టూ మార్చాలి.

ఎల్‌ఈడీ విషయానికి వస్తే, ఎర్త్ లేనిచోట అదీ సరిగా వెలగదు, పైగా తక్కువ కరెంటుతో పిచ్చిపిచ్చిగా మినుకుతుంది. ఇండికేటర్‌కు వేస్తే చాలా కార్లలో బల్బు పోయిందనుకుని ఫ్లాషర్ (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే పరికరం) రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. ముందు ఎర్త్ బాగుచేయించి, పాత రకం బల్బునే వేసి, రాత్రి కారును గోడకు వెనక చేసి నిలిపి బ్రేకు, ఇండికేటర్, రివర్స్ మూడూ విడివిడిగానూ కలిపీ వేసి చూసుకోండి.