కోచ్ అవుతానంటున్న మేనకోడలికి

బంగారం,

మీ నాన్న ఫోన్ చేశాడు. డేటా సైన్స్ ఎమ్మెస్ మానేసి బాస్కెట్‌బాల్ కోచ్ అవుతానంటున్నావట. "నువ్వైనా చెప్పక్కా" అన్నాడు. అంటే మాన్పించమని. ఇన్నేళ్లు ఇక్కడ అమెరికా కాలేజీల్లో అమ్మాయిల జట్లతో పనిచేసి నేనా మాట ఎలా అంటాను? కాకపోతే లోపలి సంగతులు తెలుసుకుని దిగు.

ముందు డబ్బు. సౌత్ కరోలినా యూనివర్సిటీ అమ్మాయిల జట్టు కోచ్ డాన్ స్టేలీకి 2025 ఒప్పందం ప్రకారం ఏడాదికి 40 లక్షల డాలర్లని నువ్వూ చదివే ఉంటావు. అది అన్నిటికన్నా పై మెట్టు. కింద, డివిజన్ 3 అనే చిన్న కాలేజీల అంచెలో, అసిస్టెంట్ ఉద్యోగాల్లో చాలావరకు పార్ట్‌టైమే. పొద్దున ఇంకో పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు బోలెడుమంది. ఆఫర్ వస్తే సంబరపడేముందు రెండు అడుగు: జీతం ఏడాది పొడుగునా ఇస్తారా, సీజన్ వరకేనా? హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా? అడగడానికి మొహమాటపడకు.

నీలాంటివాళ్లకి సరైన దారి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టు. జట్టుతో పనిచేస్తూ మాస్టర్స్ చదువుకోవచ్చు. చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి, చేతి ఖర్చులకు కొంత ఇస్తారు. ఆ కాలేజీలో డేటా సైన్స్ ఉంటే మీ నాన్న గొడవా తీరిపోతుంది.

పెద్ద కాలేజీల మోజు మాత్రం వదులుకో. దూరపు కొండలు నునుపు. టీవీలో కనిపించే జట్టులో చేరితే నీ చేతికి విజిల్ రావడానికి ఏళ్లు పడుతుంది. చిన్న కాలేజీలో మనుషులు తక్కువ కాబట్టి మొదటి వారంలోనే పోస్ట్ ప్లేయర్లను, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు పిల్లల్ని, నీకు అప్పగించేస్తారు. పేరున్న కోచ్ లీసా బ్లూడర్ 1984లో మొదలుపెట్టింది సెయింట్ ఆంబ్రోస్ అనే చిన్న కాలేజీలో. అక్కణ్ణుంచి డ్రేక్ యూనివర్సిటీ, ఆ తర్వాతే అయోవా యూనివర్సిటీ. స్టార్ ప్లేయర్ కెయిట్లిన్ క్లార్క్ ఉన్న జట్టుతో వరసగా రెండు ఫైనల్స్ ఆడేనాటికి ఆవిడ కోచింగ్‌కి దాదాపు నలభై ఏళ్లు. ప్యాట్ సమ్మిట్ 1974లో 22 ఏళ్లకే టెనెసీ యూనివర్సిటీ హెడ్ కోచ్ అయింది కానీ అప్పటి జీతం నెలకి 250 డాలర్లు. జట్టు బట్టలు ఉతికిందీ, వ్యాన్ నడిపిందీ ఆవిడే.

ఇక రోజువారీ పని. ఆట నేర్పేది రోజుకి రెండు గంటలు. మిగతాదంతా వీడియో, ఫోన్లు, బస్సు. ప్రత్యర్థి ఆడిన నాలుగైదు మ్యాచ్‌లు ముక్కలు ముక్కలుగా కట్ చేసి చూడాలి. వాళ్ల ఆట నడిపించే పాయింట్ గార్డ్ ఎడమవైపు వెళ్తే పాస్ ఇస్తుందా, షాట్ వేస్తుందా? బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర బంతి లోపలికి వేసేటప్పుడు మొదట ఎవరి కోసం చూస్తారు? ఇదంతా రాస్తే పన్నెండు పేజీలొస్తుంది, రెండు పేజీలకి కుదించాలి. అమ్మాయిలు అంతకుమించి చదవరు. బయటి ఊళ్లో మ్యాచ్ ఓడి రాత్రి పదింటికి బస్సెక్కాక, దారిలో శాండ్‌విచ్ షాపుకి ఫోన్ చేసి ఆర్డర్ చెప్పేది కూడా నువ్వే. అందులో ఒకమ్మాయికి వేరుశెనగ పడదని గుర్తుండాలి. ఇలాంటివి చిన్నతనం అనుకునేవాళ్లు ఈ పనిలో నిలబడటం నేను చూడలేదు.

అసలు కష్టం రిక్రూటింగ్, అంటే స్కూలు పిల్లల్లోంచి కొత్త ఆటగాళ్లని వెతికి తెచ్చుకోవడం. జూలైలో ఒకే హాల్లో పక్కపక్క కోర్టుల్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా మ్యాచ్‌లు నడుస్తుంటాయి. పదిహేడేళ్ల పిల్లని ఒప్పించాలంటే ముందు వాళ్లమ్మ నిన్ను నమ్మాలి. ఇందులో మన తెలుగింటి పెంపకం నీకు పనికొస్తుందంటే నవ్వకు. పెద్దవాళ్లతో ఓపిగ్గా మాట్లాడటం, పెళ్లి సంబంధం మాట్లాడినట్టు అన్నీ కనుక్కోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నావుగా. ఈమధ్య ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఒకటి, వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. 2018లో వచ్చిన ఈ పద్ధతితో, సీజన్ అవగానే సగం జట్టు సర్దుకుని వెళ్లిపోయే కాలేజీలున్నాయి. పైగా 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి (ప్రకటనల్లాంటి వాటికి) డబ్బు సంపాదించుకోవచ్చు. అది న్యాయమే, కానీ కోచ్‌కి టెన్షన్ రెట్టింపైంది.

కాలేజీ పేరు కన్నా ఎవరి కింద చేరుతున్నావో చూసుకో. హెడ్ కోచ్‌ని తీసేస్తే మిగతా స్టాఫ్ ఉద్యోగాలూ సాధారణంగా పోయినట్టే. ఇంటర్వ్యూకి వెళ్తే పాత అసిస్టెంట్లు ఇప్పుడెక్కడున్నారో అడుగు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు హెడ్ కోచ్‌లయ్యారంటే అక్కడ పని నేర్పుతారని అర్థం. జాన్ జెన్సెన్ డ్రేక్ రోజుల నుంచి బ్లూడర్ పక్కనే ఉండి, 2024లో ఆవిడ రిటైరయ్యాక అయోవా హెడ్ కోచ్ అయింది. అంత ఓపిక అందరికీ ఉండక్కర్లేదు. ఐదేళ్లైనా నీకు కొత్త బాధ్యత ఇవ్వకపోతే మాత్రం బయటికొచ్చెయ్.

ఇంకొకటి. 1972లో టైటిల్ నైన్ (చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదన్న చట్టం) వచ్చేనాటికి ఆడవాళ్ల జట్లకి కోచ్‌లు నూటికి తొంభై మంది ఆడవాళ్లే. కాలేజీలు డబ్బు పెట్టడం మొదలయ్యాక మగవాళ్లు వచ్చారు, ఆ వాటా సగం కన్నా కిందికి పడిపోయింది. ఇంటర్వ్యూలో "పెళ్లైతే ఎలా?" అన్న ధోరణిలో ఎవరైనా మాట్లాడితే నవ్వేసి ఊరుకోకు. ఆ ఉద్యోగం వద్దనుకో.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉద్యోగాలు ఖాళీ అవుతాయి. ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల పోటీ) జరిగే ఊళ్లోనే మహిళా కోచ్‌ల సంఘం సమావేశం ఉంటుంది. అప్లికేషన్ల కన్నా అక్కడి హోటల్ లాబీలో పరిచయాలకే విలువెక్కువ. ఈసారి నాతో రా, నా గదిలోనే ఉండొచ్చు.

ఈలోగా ఒక పని చెయ్. మీ జట్టు ఈ ఏడాది ఓడిపోయిన మ్యాచ్ ఒకటి తీసుకుని, ప్రత్యర్థి మీద స్కౌటింగ్ రిపోర్ట్ రాసి ఆదివారంలోగా నాకు పంపు. రెండు పేజీలు దాటితే చదవను. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ అత్తయ్య