నాన్న లడఖ్‌లో, బాబు కొత్త బడిలో

ప్రశ్న: మావారు సైన్యంలో హవల్దారు. పఠాన్‌కోట్ నుంచి లడఖ్‌కు బదిలీ అయింది. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్లే వీల్లేక బాబుతో సికింద్రాబాద్ వచ్చి, ప్రైవేటు సీబీఎస్‌ఈ పాఠశాలలో ఆరో తరగతిలో చేర్చాను. కేంద్రీయ విద్యాలయంలో బాగా చదివినవాడు ఇప్పుడు తెలుగు పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం, రాయడం రాదు. తోటి పిల్లలు నవ్వుతున్నారట. నాన్న ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతున్నాడు. ఏం చేయాలి?
– ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, నొప్పిని నటన అనుకోకుండా ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. 2018 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్‌ఈ బడుల్లోనూ తెలుగు తప్పనిసరి కాబట్టి, దాన్ని తప్పించే దారి వెతికే కన్నా బాబుకు వచ్చిన హిందీనే ఆసరా చేసుకోవడం మేలు. అక్షరమాల వరుస రెండింటికీ దాదాపు ఒక్కటే; హిందీ అక్షరం పక్కనే తెలుగు అక్షరం రాసి చూపితే, తనకు ఏమీ రాదన్న భయం చాలావరకు పోతుంది. హిందీలో లేని హ్రస్వమైన ఎ, ఒలను, ళ అక్షరాన్ని విడిగా నేర్పండి. అసలు తడబాటు వత్తుల దగ్గర వస్తుంది: ‘అమ్మ’ అని రాయడానికి హిందీలో మొదటి మకారాన్ని సగం చేస్తారు, మనం రెండోదాన్ని కింద వత్తుగా రాస్తాం. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, మార్కుల ఊసు మాత్రం ఎత్తకండి.

తండ్రి ఉద్యోగం, ఊరు మారిన సంగతి క్లాస్ టీచరుకు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కొన్నాళ్లపాటు అందరి ముందూ బాబు చేత తెలుగు పాఠం చదివించవద్దని, నవ్వే పిల్లలను ఆపమని కూడా కోరండి. ఇది మొహమాటపడాల్సిన విషయం కానే కాదు.

నాన్న వచ్చే తేదీ ఖాయంగా చెప్పకండి, సెలవు రద్దయితే పసివాడి నమ్మకం దెబ్బతింటుంది. ‘సెలవు దొరకగానే వస్తారు’ అన్నదే నిజమైన జవాబు. ఫోన్ కలిసినప్పుడు మార్కుల లెక్కలు కాకుండా, ఆ రోజు బడిలో జరిగిన ముచ్చట్లు తండ్రీకొడుకులను మాట్లాడుకోనివ్వండి.

మరొక్క మాట. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతిలోనే విద్యార్థుల పేర్లు నమోదు చేస్తుంది. పదో తరగతిలో బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి. అందువల్ల ఎనిమిది పూర్తయ్యేలోగా, పది దాకా ఏ ఊళ్లో చదివించాలో మీవారితో కలిసి నిర్ణయించుకోండి.