పాఠకుల ప్రశ్నలు: మారుమూల బడిలో ఇంగ్లిషు పాఠం

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులన్నీ ఒకే గదిలో కూర్చుంటాయి. పిల్లలు ఇంగ్లిషు పాఠం చివరనున్న ప్రశ్నలకు జవాబులు తప్పు లేకుండా రాస్తారు గానీ, అదే ప్రశ్నను కాస్త మార్చి అడిగితే నోరు మెదపరు. నేను కూడా ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడలేను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: బట్టీ పట్టిన జవాబు రాయడానికి ప్రశ్న అర్థం కానక్కర్లేదు, ప్రశ్నలో మొదటి రెండు మాటలు చూసి ఏ జవాబు రాయాలో గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. మీ పిల్లలు చేస్తున్నది అదే, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పట్నంలో పెరిగే పిల్లల చెవిన బడి బయట కూడా ఎంతో కొంత ఇంగ్లిషు పడుతుంది. మారుమూల బడిలో ఆ భాష వినిపించేది ఉపాధ్యాయుడి నోట మాత్రమే. ఆయన కూడా పాఠాన్ని మాతృభాషలో వివరించి జవాబులు నల్లబల్ల మీద రాసి ఊరుకుంటే, పిల్లలు ఇంగ్లిషును చూస్తారే తప్ప వినరు. కాబట్టి రాతను కొన్నాళ్లు వెనక్కి జరిపి, వినడాన్ని ముందుకు తీసుకురండి.

దీనికి ఏకోపాధ్యాయ పాఠశాలలో కూడా సాగే పద్ధతి ఒకటుంది. 1960లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ దీన్ని రూపొందించారు. ఉపాధ్యాయుడు ఇంగ్లిషులో ఒక పని చెప్పి, తానే చేసి చూపిస్తాడు. పిల్లలు విని ఆ పని చేస్తారు. మాట్లాడమని మొదట ఎవరినీ బలవంతపెట్టరు. ఒక పుస్తకం, ఒక రాయి తీసుకోండి. ‘పుట్ ద స్టోన్ ఆన్ ద బుక్’ అని చెప్పి రాయిని పుస్తకం మీద పెట్టండి. తర్వాత ‘అండర్ ద బుక్’ అనండి. తెలుగులో ‘మీద’, ‘కింద’ అనేవి వస్తువు పేరు తర్వాత వస్తాయి, ఇంగ్లిషులో ముందే వస్తాయి. ఈ తేడాను సూత్రంగా చెబితే రెండో తరగతి పిల్ల తెల్లముఖం వేస్తుంది. రాయిని నాలుగైదుసార్లు అటూ ఇటూ మార్చిన పిల్లకు సూత్రం అవసరమే రాదు. చిన్నవాళ్లు చేతలతో ఆగుతారు, నాలుగు, ఐదు తరగతుల వాళ్లు కొన్నాళ్లకు ఆజ్ఞలు తామే ఇవ్వడం మొదలుపెడతారు. అలా ఒకే గదిలో ఉన్న ఐదు తరగతులూ ఒకే పాఠంలో పాల్గొంటాయి.

ఇక మీ ఇంగ్లిషు సంగతి. ఈ పనికి ధారాళత అక్కర్లేదు. ముందురోజు రాసుకుని పైకి చదువుకున్న కొద్దిపాటి వాక్యాలు సరిపోతాయి. తడబడకుండా పలికే పది సరళ వాక్యాలు, తప్పులతో దొర్లే గంటసేపటి ఉపన్యాసం కంటే పిల్లలకు ఎక్కువ ఉపయోగపడతాయి. అయితే ఈ పద్ధతితోనే ఐదో తరగతి దాకా నెట్టుకురావచ్చని అనుకోకండి. నిన్న ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నవి ఆజ్ఞల్లో ఇమడవు. అక్కడి నుంచి కథలు కావాలి.

ప్రశ్న: మా పిల్లలకు ఏబీసీడీలు వచ్చు, స్పెల్లింగులు గడగడా ఒప్పజెబుతారు. కానీ కొత్త మాట కనబడితే చదవలేరు. కారణం ఏమిటి?

జవాబు: తెలుగులో ‘క’ అనే అక్షరం పేరూ ధ్వనీ ఒకటే, అక్షరాలు వచ్చిన పిల్ల కూడబలుక్కుని అయినా ఏ మాటనైనా చదివేస్తుంది. ఇంగ్లిషులో అక్షరం పేరు వేరు, మాటలో అది పలికే ధ్వని వేరు. ‘సి, ఏ, టి’ అని ఎంత వేగంగా కలిపినా ‘క్యాట్’ రాదు. పైగా ఉన్నవి 26 అక్షరాలు, అవి పలికించే ధ్వనులు దాదాపు 44. అందుకని అక్షరమాలను వరుసగా వల్లె వేయించే బదులు, ‘ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్’ అనే ఆరు అక్షరాల ధ్వనులతో మొదలుపెట్టండి. ఈ ఆరింటితోనే సిట్, పిన్, టిన్, ట్యాప్ వంటి మాటలు ఎన్నో కూర్చవచ్చు. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు ధ్వనులు కలిపే నేర్పు ఇప్పటికే ఉంటుంది, దాన్ని వాడుకోండి. ‘సెడ్’, ‘వాజ్’ వంటి మాటలు ఈ లెక్కకు లొంగవు. వాటిని మాటకు మాటగా గుర్తుపట్టించాల్సిందే.

ప్రశ్న: పాఠ్యపుస్తకం తప్ప బడిలో మరేమీ లేదు. దాతలు ఒకరు సాయం చేస్తామంటున్నారు. కథల పుస్తకాలు అడగనా, వీడియోలు చూపించే పరికరం అడగనా?

జవాబు: పుస్తకాలు అడగండి. ఇది నా అభిరుచి మాత్రమే అనుకోకుండా, ఫిజీ దీవుల్లో 1980లో మొదలైన ఒక ప్రయోగాన్ని చూడండి. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే పరిశోధకులు, పుస్తకాలు అంతంతమాత్రంగా ఉన్న ఎనిమిది గ్రామీణ బడులకు 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు ఇంగ్లిషులో ఇచ్చారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు వాటిని కొన్ని చోట్ల ఉపాధ్యాయుడితో కలిసి, కొన్ని చోట్ల తమంతట తాము చదివారు. ఎనిమిది నెలలకు, పాఠ్యపుస్తకాన్నే నమ్ముకున్న బడులతో పోలిస్తే వీరు చదివి, విని అర్థం చేసుకోవడంలో రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. ఆ తర్వాతి ఏడాదికి ఆ లాభం రాతకూ వ్యాకరణానికీ పాకింది. అది ప్రత్యేకంగా ఎవరూ నేర్పని వ్యాకరణం!

దాతకు ఒక్క మాట స్పష్టంగా చెప్పండి: పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మలు ఉన్న పుస్తకాలు కావాలి. ఇళ్లలో మిగిలిపోయిన నిఘంటువులు, పోటీ పరీక్షల గైడ్లు తెచ్చి గ్రంథాలయం అంటే కుదరదు. వచ్చిన పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. చిరిగితే చిరగనివ్వండి. మీరు చదివి వినిపించేటప్పుడు ముందు బొమ్మ చూపి, ‘వేర్ ఈజ్ ద డాగ్?’ అని అడగండి. పిల్లలు తెలుగులో జవాబిచ్చినా ఒప్పుకుని, అదే జవాబును మీరు ఇంగ్లిషులో తిరిగి చెప్పండి.

ఉచ్చారణ గురించి బెంగ ఉంటే పరికరం కొంత పనికొస్తుంది. 1980ల మొదట్లో కెన్యాలో రేడియో ద్వారా ప్రాథమిక తరగతులకు ఇంగ్లిషు నేర్పినప్పుడు, ప్రశ్న వినిపించి, పిల్లలు జవాబు చెప్పడానికి కాస్త వ్యవధి వదిలేవారు. మీ ఫోనులో పాఠం పెట్టినా అలాగే మధ్యలో ఆపి పిల్లలను పలకనివ్వండి.

ప్రశ్న: తరగతిలో తెలుగు మాట వినబడకూడదని తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. నిషేధించనా?

జవాబు: వద్దు. పిల్లలకు బాగా అర్థమయ్యే భాషలో చదువు మొదలవడమే మేలని యునెస్కో 1953లోనే చెప్పింది. ఒక భాషలో చదవడం గట్టిగా వచ్చిన పిల్లలకు ఆ నేర్పు రెండో భాషలోనూ అక్కరకొస్తుంది. కొన్ని చోట్ల ఇంటి భాష తెలుగు కూడా కాదు. ఆ పిల్లలకు ఇంగ్లిషు మూడో భాష అవుతుంది, వారిని మరింత ఓపికగా చూడాలి. తల్లిదండ్రులతో వాదానికి దిగకండి. నెలకోసారి వారిని బడికి పిలిచి, పిల్లలు అంతకుముందు చూడని కథలో ఒక పేజీ తీసి వాళ్ల ఎదుటే చదివించి, ఏం అర్థమైందో ఇంటి భాషలో చెప్పించండి.