కనుమ రాత్రి వంట ఒక్కరిదే కాకూడదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. నాకు 39 ఏళ్ళు. ఇక్కడే బడిలో టీచర్ని, ఇద్దరు పిల్లలు. ఏటా పెద్ద పండక్కి బావగారి కుటుంబం, ఆడపడుచు కుటుంబం విశాఖ నుంచి మా ఇంటికే వస్తారు. మొత్తం 14 మందిమి. మూడు రోజుల వంటా నాదే. పోయిన కనుమకి నాలుగు కూరలు, పులిహోర, బూరెలు, కోడికూర చేశాను. గారెలు మధ్యాహ్నమే వేసి ఉంచాను. రాత్రి భోజనాల దగ్గర తోడికోడలు ‘గారె గట్టిగా ఉంది’ అంది. పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆడపడుచు సాయానికొస్తే ‘మీరు కూర్చోండి వదినా’ అని నేనే పంపేశాను. మా ఆయన స్నేహితులతో వంశధార ఒడ్డుకి భోజికి, అదే వనభోజనానికి వెళ్తే ఐదు కిలోల మాంసం ఒక్కరే వండుతారు, ఇంట్లో మాత్రం గ్లాసు కూడా తియ్యరు. ఈసారి పండగంటేనే దడగా ఉంది. రావొద్దని ఎలా చెప్పను?

జవాబు: రావొద్దని చెప్పకండమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాళ్ళమీద మీకు కోపం ఉన్నట్టు ఎక్కడా అనిపించలేదు. ఇల్లు నిండుగా ఉండటం మీకిష్టమే. ఆ నిండు ఇంట్లో మీరొక్కరే పొయ్యి దగ్గర మిగిలిపోతున్నారు, కష్టమంతా అక్కడుంది.

ముందు ఆ గారె సంగతి. మధ్యాహ్నం వేసిన గారె రాత్రికి ఎవరు చేసినా గట్టిపడుతుంది. అది మీ చేతి తప్పు కాదు, వేసిన వేళ తప్పు. అన్నీ ఒక్కరే చెయ్యాలి కాబట్టి వాటిని ముందే వేసుకోవాల్సి వచ్చింది. మీ తోడికోడలు అన్నది గారె గురించి. మీకు మాత్రం మూడు రోజుల చాకిరీనంతా కొట్టిపారేసినట్టు వినబడింది. అంత అలసిపోయి ఉన్నప్పుడు ఎవరికైనా అలాగే వినబడుతుంది, మిమ్మల్ని తప్పుపట్టను.

సంక్రాంతి రోజు జోలికి వెళ్ళకండి. పెద్దలకు పెట్టుకునే రోజది, మీ అత్తగారి మాటే చెల్లనివ్వండి. పండక్కి పది రోజుల ముందు, ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని అడగండి: ‘‘అత్తయ్యా, పెద్దల రోజు మీరెలా చెప్తే అలా చేస్తాను. కనుమ రాత్రి మాత్రం నాకొదిలెయ్యండి.’’ ఒక్క పూటే అడుగుతున్నారు కాబట్టి ఒప్పుకోవడం ఆవిడకీ తేలిక.

ఆ రాత్రికి గారెలు, కోడికూర, అన్నం, పెరుగు చాలు. మాంసం తిననివాళ్ళకి దాల్మా. మీ ఊళ్ళో దాని గురించి నేను చెప్పాలా! కందిపప్పులో పచ్చి అరటి, గుమ్మడి, చేమ, బొప్పాయికాయ ముక్కలు వేసి ఉడికించి, పంచఫుటణ (ఐదు రకాల గింజల) తాలింపు పెట్టి, వేయించిన జీలకర్ర-ఎండుమిరప పొడి, కొబ్బరి పైన చల్లితే అయిపోతుంది. ఒక్క గిన్నెలో పప్పూ కూరా రెండూ. బూరెలు వద్దు, ముందే చేసుకున్న అరిసెలున్నాయి కదా.

కోడికూర మీ ఆయనది. ఏటి ఒడ్డున రాళ్ళ పొయ్యి మీద ఐదు కిలోలు వండే మనిషికి గ్యాసు పొయ్యి మీద మూడు కిలోలు ఒక లెక్కా? ‘సాయం చెయ్యండి’ అనకండి. సాయం అంటే పని మీదే అని మీరే ఒప్పుకున్నట్టు. ‘కనుమకి కోడి మీరే వండుతున్నారు, మసాలాకేం తెమ్మంటారు?’ అనండి. పెరట్లో కట్టెల పొయ్యి పెట్టుకుంటానంటే ఇంకా మంచిది, బావగారూ అక్కడికే చేరతారు.

గారెలకి కిలో మినప్పప్పు సాయంత్రానికి అందేలా నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు తక్కువ పోసి రుబ్బండి. గిన్నెలో నీళ్ళు పోసి చిటికెడు పిండి వేస్తే తేలాలి. ఉప్పు మాత్రం గారెలు వేసే ముందే కలపండి, ముందే కలిపితే పిండి జారుతుంది. జనం కూర్చున్నాకే మూకుడు పెట్టండి. ఒక వాయి మీరు, ఒక వాయి మీ వదిన, ఒక వాయి మీ తోడికోడలు. ఆ ‘గట్టిగా ఉంది’ అన్నావిడ చేతికే చిల్లుగరిటె ఇవ్వండి. దెప్పడానికి కాదు, ప్రేమగానే: ‘అక్కా, మీకు మెత్తగా వస్తాయి, మీరు వెయ్యండి’ అని. అలా పిలవాలని ఆవిడ కూడా ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో!

మీ వదిన వంటింట్లోకి వస్తే ఈసారి కూర్చోమనకండి, ఉల్లిపాయలు చేతికివ్వండి. ఇది మీకు అన్నిటికంటే కష్టమైన పనని నాకు తెలుసు. తరిగిన ముక్కలు పెద్దవైనా మాట్లాడకండి.

పండగ అయ్యాక కూడా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా డాక్టరుకి చూపించుకోండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

ఇంకొక్కటి. గారెల మొదటి వాయి పిల్లలకి, రెండోది మగవాళ్ళకి వెళ్తుంది, మీకు చల్లారిన చివరి నాలుగు మిగులుతాయి. ఈ కనుమకి మీ వదిన వేసే వాయి మీది. వేడిగా ఉండగానే పళ్ళెం పట్టుకుని పిల్లల పక్కన కూర్చోండి.