నెల నిండని పాపకి రోజూ స్నానమా? ముందు తువ్వాలు ఎక్కడుందో చూసుకోండి

నెల కూడా నిండని బిడ్డకి రోజూ స్నానం చేయించాలా, ఒంటి మీద పొట్టు లేస్తుంటే ఏం రాయాలి అని అడిగారు. రోజూ అక్కర్లేదు, పొట్టుకి ఏమీ రాయక్కర్లేదు. నన్నడిగితే ఆ వయసులో స్నానం కంటే తుడవడమే పెద్ద పని. ఇదేదో నేను చదివి తెలుసుకున్నది కాదు, చేసి చెయ్యి కాల్చుకున్నది.

మా పాపకి ఎనిమిదో రోజున బొడ్డు ఊడింది. అంతవరకు తడిగుడ్డతో తుడిచేవాళ్లం. ఊడిన మర్నాటి నుంచి నేను టబ్బు పట్టుకుని రెడీ. రోజూ నీళ్లు పోయకపోతే పాప మురికిగా ఉన్నట్టే అని నా నమ్మకం. అసలు వాళ్లకి మురికెక్కడిది? మట్టిలో ఆడారా, చెమటోడ్చి పని చేశారా? మడమల దగ్గర, మణికట్టు దగ్గర పొట్టు లేస్తుంటే అదీ మురికేననుకుని, ఘుమఘుమలాడే సబ్బు ఇంకాస్త ఎక్కువ రుద్దాను.

పన్నెండో రోజు. మా ఆవిడ రాత్రంతా మేలుకుని అప్పుడే కాస్త కునుకు తీస్తోంది. నీళ్లు మోచేత్తో చూశాను, సబ్బు, డైపరు, బట్టలు అన్నీ వరసగా పెట్టుకున్నాను. స్నానం అయ్యాక చెయ్యి చాపితే తువ్వాలు లేదు. పక్క గదిలో మంచం మీద ఉంది. పాపని నీళ్లలో వదిలి వెళ్లకూడదు, ఒక్క క్షణం కూడా. ఆవిడని పిలుద్దామంటే, "నేను చూసుకుంటా, నువ్వు పడుకో" అని గొప్పలు పోయింది నేనే. తడి ఒంటితోనే గుండెకి హత్తుకుని పరిగెత్తాను, అక్కడ చూస్తే ఫ్యాను ఫుల్లు స్పీడులో తిరుగుతోంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది, అరికాళ్లు మంచుముక్కల్లా అయిపోయాయి. గబగబా తుడిచి, చొక్కా విప్పి ఛాతీ మీద పడుకోబెట్టుకుని దుప్పటి కప్పితే కాసేపటికి కాళ్లు వెచ్చబడ్డాయి. నా టెన్షన్ మాత్రం సాయంత్రం దాకా దిగలేదు.

అలా పడుకున్నప్పుడే ముక్కుకి పులిసిన పాల వాసన తగిలింది. గడ్డం కాస్త పైకెత్తి చూస్తే మెడ మడతలో పాలు చేరి, చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. నాలుగు రోజులు వరసగా స్నానం చేయించిన పాపకి! ఒళ్లంతా తోమి, చూడాల్సిన చోటే వదిలేశానన్నమాట.

డాక్టరమ్మ నన్నేమీ తిట్టలేదు. స్నానం వారానికి రెండు మూడు సార్లు, అదీ ఐదు పది నిమిషాలు చాలన్నారు. రోజూ చూడాల్సినవి మెడ, చంకలు, తొడల మడతలు, డైపరు కట్టే చోటు. తడిగుడ్డతో తుడిచి, మెత్తటి బట్టతో అద్దాలి, రుద్దకూడదు. నెలల తరబడి ఉమ్మనీటిలో నానిన చర్మం బయటి గాలికి పొట్టు లేవడం మామూలేనట. పుట్టినప్పుడు ఒంటి మీదుండే తెల్లటి పూత కూడా చర్మానికి కాపే, దాన్ని తోమి తీసేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగమనేది, ఒళ్లు చల్లబడకుండా చూడమనేది ఊరికే కాదు.

నీళ్లు 37, 38 డిగ్రీలు, అంటే మన ఒంటి వేడి అంత. ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపండి. దీనికి బాతుబొమ్మ థర్మామీటరొకటి కొన్నాను, మోచెయ్యి ఉండగా అదెందుకో ఇప్పటికీ అర్థం కాదు. సబ్బు డబ్బా మీద పాప బొమ్మ ఉంటే చాలు మంచిదని కొనేస్తాం, లోపలున్నదంతా సెంటే. సబ్బు తప్పదనుకుంటే వాసన లేనిది, కొంచెం. పౌడరు అసలే వద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ మాట మా అత్తయ్యగారికి చెప్పి వారం రోజులు మాటలు పడ్డాను, అది వేరే కథ.

మీ పాపకి బొడ్డు ఇంకా ఊడకపోతే టబ్బు జోలికి పోకండి, తడిగుడ్డ చాలు. బొడ్డు చుట్టూ ఎర్రబడి పాకుతున్నా, చీము, చెడు వాసన వస్తున్నా, ఒంటి వేడి 38 డిగ్రీలకు చేరినా, దాటినా ఇక్కడ జవాబుల కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పొట్టు అంటారా, మా పాపకి మూడో వారంలో దానంతటదే పోయింది.