నక్కగా పుట్టిన నీ మాంత్రికురాలి గురించి

అమ్మలూ,

మీరు ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆట) గురించి నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "మామయ్యా, ప్రకృతి మంత్రాలు వేసే మా డ్రూయిడ్ నన్ను బతికించాడు గానీ నక్కగా పుట్టించాడు, ఇప్పుడు నేనేం ఆడాలి?" అన్నావు. నీ గొంతులో టెన్షన్ విని, ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదనిపించింది. అందుకే తీరిగ్గా రాస్తానన్నాను. తొమ్మిదో లెవెల్ దాకా ఏడాదిన్నర పెంచుకున్న మాంత్రికురాలు ఆవిడ. దిగులుగానే ఉంటుంది. కానీ ఆవిడ వివరాలు రాసుకున్న షీటు పక్కన పడేసి కొత్త క్యారెక్టర్ రాసుకుంటానన్నావు చూడు, ఆ మాట ఒక్క నెల వాయిదా వెయ్యి.

ముందు రూల్స్ సంగతి చూద్దాం. ఈ ఆటకి 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఆ పునర్జన్మ మంత్రం ఐదో లెవెల్‌ది. పోయి 10 రోజులు దాటకూడదు, 1,000 బంగారు నాణేల ఖరీదైన నూనెలు, లేపనాలు ఖర్చవుతాయి, గంటసేపు చదవాలి. పుస్తకంలో ఉన్న పట్టిక ప్రకారమైతే ఎల్ఫో, డ్వార్ఫో, మనిషో అవ్వాలి గానీ జంతువు అవ్వదు. ఇదే ఆటకి 1978లో వచ్చిన పాత ‘అడ్వాన్స్‌డ్’ పుస్తకంలో మాత్రం డ్రూయిడ్ పట్టికలో నక్క, తోడేలు, గుడ్లగూబ, బాడ్జర్ అన్నీ ఉండేవి. మీ డీఎం, అదే ఆట నడిపే మనిషి, అక్కడి నుంచే తెచ్చి ఉంటాడు. మంచి పని చేశాడు. అయితే కొత్త రూల్‌లో నీకు పనికొచ్చే వాక్యం ఒకటుంది: మళ్ళీ పుట్టినవాళ్ళకి పాత జీవితం గుర్తుంటుంది, పాత విద్యలూ ఉంటాయి, జాతి ఒక్కటే మారుతుంది. ఇది డీఎంకి చూపించి, లెవెల్, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలవో చెప్పే అంకె), మంత్రాలు పాతవే ఉంచమని అడుగు. లేకపోతే ఆటలోని జంతువుల, రాక్షసుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్‌లో నక్కకి (అక్కడి పేరు జాకల్) ఉన్నవి 3 హిట్ పాయింట్లు. మొదటి బాణానికే మళ్ళీ నూనెలు కొనుక్కోవాలి.

ఆ పేజీ నుంచి శరీరం వరకే తీసుకో. ఒక రౌండులో 40 అడుగుల పరుగు, మనిషికి 30. వాసన, వినికిడి మీద ఆధారపడ్డ పర్సెప్షన్‌కి (చుట్టూ ఏముందో పసిగట్టడానికి) అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం. శత్రువు పక్కన నీ వాళ్ళు ఎవరైనా నిలబడి ఉంటే నీ కాటుకీ అడ్వాంటేజే. బలం 8, అంటే తక్కువే. ఈ నాలుగూ షీటు మీద పెద్దక్షరాలతో రాసుకో.

ఇక అసలు విషయానికి వస్తాను. జంతువుగా ఆడేవాళ్ళు చాలామంది ఆ జంతువు ఏం చెయ్యగలదో చూసి మురిసిపోతారు. ముక్కు, పరుగు, పళ్ళు. నా అనుభవంలో ఆట అక్కడ ఉండదు. నీకు చేతులు లేవు, నోట మాట లేదు. ఆ రెండు లోట్ల మీదే నీ క్యారెక్టర్‌ని నిలబెట్టు. ఇన్నాళ్ళూ మీ బ్యాచ్‌లో అందరికన్నా తెలివైంది, ఎవరి సాయమూ అడగనిది నీ మాంత్రికురాలు. ఇప్పుడు తలుపు గడియ తియ్యాలన్నా ఎవరివైపో చూడాలి.

ఒక్క మంత్రాల పుస్తకం సంగతి ఆలోచించు. మంత్రాల జాబితా మార్చుకోవాలంటే రాత్రి విశ్రాంతి అయ్యాక పుస్తకం చదవాలి, ఒక్కో మంత్రానికి దాని లెవెల్‌కి ఒక నిమిషం చొప్పున. పేజీలు ఎవరు తిప్పుతారు? ముక్కుతో తిప్పితే తడి అంటుకుంటుంది, పంజాతో తిప్పితే చిరుగుతుంది. మీ ఫైటర్ ఉన్నాడు కదా, చదువు రాదని మొదటి సెషన్ నుంచీ నువ్వు ఆటపట్టించే మనిషి. అతన్నే అడుగు. పొద్దున్నే చలిమంట పక్కన అతను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నువ్వు అతని మోకాలి మీద గడ్డం ఆనించి చదువుతావు. పేజీ అయిపోతే తోకతో ఒకసారి నేల మీద కొడతావు. అతను తిప్పుతాడు. ఒకసారి రెండు పేజీలు కలిసి తిరిగిపోతాయి, నువ్వు గుర్రుమంటావు, అతను కంగారుగా వెనక్కి తిప్పుతాడు. దీనికి డైస్ అక్కర్లేదు, మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాలు మీవాళ్ళు ఏడాది తర్వాత కూడా చెప్పుకుంటారు.

మంత్రాలు వెయ్యడం ఎలా అన్నది ఆదివారం ఆటకి కూర్చోకముందే డీఎంతో తేల్చుకో. చాలా మంత్రాలకి నోటితో పలకాలి, ఖాళీగా ఉన్న చేత్తో ముద్ర పట్టాలి. రూలు అక్షరాలా పాటిస్తే నక్క దేన్నీ వెయ్యలేదు. ఏడాదిన్నర కష్టం గాలికి పోతుంది, నేనైతే ఒప్పుకోను. ముద్రకి ముందు కాలు పనికొస్తుంది, పలకాల్సిన మంత్రాలు మాత్రం కుదరవు అని అడిగి చూడు. అప్పుడు కొన్నే మిగులుతాయి, కానీ అందులో మైనర్ ఇల్యూజన్ ఉంటుంది. దానికి మాట అక్కర్లేదు, ముద్ర, చిన్న ఉన్ని పోగు చాలు. 30 అడుగుల లోపల ఒక శబ్దాన్నో, కదలని బొమ్మనో పుట్టించవచ్చు. ఆ శబ్దం నీ పాత గొంతు కూడా కావచ్చు. అర్థమైందా? నీ మాంత్రికురాలు తన గొంతుతోనే మాట్లాడగలదు. అయితే ఈ కిటుకు మొదటి రోజే బయట పెట్టకు, రోజూ వాడకు. రోజూ మాట్లాడితే నువ్వు బొచ్చు కప్పుకున్న మనిషివే అవుతావు. ఎవరైనా చచ్చిపోతున్నప్పుడో, చీకట్లో మీవాళ్ళు నిన్ను వెతుక్కుంటున్నప్పుడో ఒక్క మాట వినిపించు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. మిగతా రోజుల్లో మీ డ్రూయిడ్ జంతువులతో మాట్లాడే మంత్రం వేస్తే 10 నిమిషాలు మాట్లాడుకోవచ్చు. ఆ 10 నిమిషాల కోసం నక్క రోజంతా మాటలు కూడబెట్టుకుంటుంది, చూడు ఎంత బాగుంటుందో.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో, ఓడల్లో పనిచేసే స్నేహితుడి అన్నయ్య సింగపూర్ నుంచి తెచ్చిన పుస్తకంతో అయిదుగురం ఆడేవాళ్ళం. ఇరవై ముఖాల డైస్ ఒక్కటే ఉండేది, దాన్ని అగ్గిపెట్టెలో దాచేవాళ్ళం. అందులో నేను గుడ్లగూబగా పుట్టాను. రెక్కలు వచ్చాయన్న సంబరంలో ప్రతి ఆదివారం నేనే ముందు ఎగిరి కోటంతా చూసొచ్చేవాణ్ణి. ఏ కిటికీలో ఎవరున్నారు, ఎన్ని దీపాలున్నాయి, అన్నీ డీఎంని అడుగుతూనే ఉండేవాణ్ణి. ఒకరోజు అలా గంట గడిచింది. మిగతావాళ్ళు గోడకి ఆనుకుని కూర్చున్నారు. అందులో ఒకడు లేచి చెప్పులేసుకుని "నీ ఆట అయ్యాక పిలవరా" అని వెళ్ళిపోయాడు. తర్వాతి వారం రాలేదు. నేను ఇంటికి వెళ్ళి బతిమాలితే గానీ మళ్ళీ రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అందుకని ఒంటరిగా వెళ్తే అయిదు నిమిషాల్లో తిరిగి రా. వచ్చాక చూసింది చూసినట్టు ఒప్పజెప్పకు. నీకు మాట లేదు కదా. నేను ఆ తర్వాత నుంచి అలాగే చేశాను. లోపల ఇద్దరు కాపలాదారులున్నారని చెప్పడానికి రెండు చెకుముకి రాళ్ళు తెచ్చి వాళ్ళ ముందు పడేశాను, ఒకదాన్ని పక్కకి దొర్లించాను. ఒకడు నిద్రపోతున్నాడని నా ఉద్దేశం. వాళ్ళు ఒకడు చచ్చాడనుకున్నారు. ఆ పొరపాటు మీద రెండు గంటలు ఆట నడిచింది, అయిదుగురమూ ఆడాం.

జంతువు ఒళ్ళు తెలియాలంటే పుస్తకాలు చాలవు. ఈ శనివారం తెల్లవారుజామున మీ నాన్నని తీసుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు. కుక్క, నక్క ఒకే కుటుంబం, కుక్కని చూస్తే సగం నక్క తెలిసినట్టే. మొన్న నేను వెళ్ళినప్పుడు వలల కుప్ప పక్కన గోధుమరంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. పడవ ఇంజన్ చప్పుడు మాకు వినపడకముందే దాని ఒక చెవి అటు తిరిగింది. కళ్ళు తెరవలేదు. తర్వాత రెండో చెవి, తర్వాత ముక్కు, అప్పుడు తల. ఒళ్ళు మాత్రం గంప దించేదాకా కదల్లేదు. గంప దించాక చేపల మీదికి పోలేదు. గంప కింద నేల మీద కారిన నీళ్ళ దగ్గర ముక్కు పెట్టి, ముందు కాలు ఒకటి గాల్లో ఎత్తి, చాలాసేపు అలా నిలబడింది. ఆ వరస గుర్తుపెట్టుకో: చెవి, ముక్కు, తల, చివరికి ఒళ్ళు. ఆదివారం డీఎం "నువ్వేం చేస్తావు?" అన్నప్పుడు "జాగ్రత్తగా చూస్తాను" అనకు. "ఎడమ చెవి తలుపు వైపు తిప్పాను, లేవలేదు" అను. డీఎం దానికి తగ్గట్టే నీకు వాసనలూ చప్పుళ్ళూ ఇవ్వడం మొదలెడతాడు.

రంగుల విషయం కూడా గమనించు. కుక్కలకి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. మీ ఆటలో గాయాలు మాన్పే మందు ఎర్రగా ఉంటుంది కదా. సంచీలోంచి సీసా తెమ్మంటే నక్క రంగు చూసి తేలేదు, మూత దగ్గర వాసన చూసి తేవాలి. ఎత్తు కూడా అంతే. బీచ్ రోడ్డు మీద నిలబడి చూస్తే మనుషుల మొహాలు కనిపిస్తాయి. కిందికి దిగి ఇసుకలో బోర్లా పడుకుని చూడు: పిక్కలు, చీర కుచ్చిళ్ళు, ఐస్‌క్రీమ్ బండి చక్రాలు. రాజుగారి దర్బారులో నక్కకి కనిపించేది సింహాసనం కింద ఏముందో అది.

మనవాళ్ళకి నక్క అనగానే జిత్తులు గుర్తొస్తాయి. గుంటనక్క అని తిట్టడమూ ఉంది. మీ బ్యాచ్ కూడా నిన్ను అటే తోస్తారు, దొంగతనాలు చెయ్యమంటారు. అవసరమైతే చెయ్యి, కానీ దాన్నే స్వభావం చేసుకోకు. నా చిన్నప్పుడు కంబాలకొండ వైపు నుంచి రాత్రిళ్ళు నక్కల ఊళ వినిపించేది. ఒకటి మొదలెడితే ఎక్కడో ఇంకొకటి అందుకునేది. నాకు అది జిత్తులమారి గొంతులా ఎప్పుడూ అనిపించలేదు. ఎవరు ఎక్కడున్నారో కనుక్కుంటున్నట్టు ఉండేది.

పాత జన్మ గుర్తుండడం గురించి కొంచెం లోతుగా ఆలోచించుకో. మన భాగవతంలో రెండు దారులూ ఉన్నాయి. ఇంద్రద్యుమ్న మహారాజు అగస్త్యుడి శాపంతో ఏనుగుగా పుట్టాడు. అతనికి రాజరికం గుర్తులేదు, ఆడ ఏనుగులతో మడుగులో హాయిగా ఆడుకున్నాడు, మొసలి పట్టుకునేదాకా. భరతుడు లేడిపిల్ల మీద మమకారంతో ప్రాణం వదిలి లేడిగా పుట్టాడు, అతనికి అంతా గుర్తుంది. అందుకే తల్లిని వదిలి, ఎండుటాకులు తింటూ, ఎవరితోనూ కలవకుండా ఆ ఒళ్ళు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూశాడు. రూలు ప్రకారం నీది భరతుడి దారి. కానీ ఆట అన్నాక ఇంద్రద్యుమ్నుడు కూడా కొంచెం ఉండాలి. వాన తర్వాత తడి మట్టి వాసనకి నీ మాంత్రికురాలు ఒక్క క్షణం మంత్రాలన్నీ మర్చిపోయి పరిగెత్తాలి. తిరిగొచ్చాక భయపడాలి. మళ్ళీ మనిషి కావాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకు. డీఎంకి మాత్రం చెవిలో వెయ్యి, దానికి తగ్గ దారి వేసి ఉంచుతాడు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. నీ క్యారెక్టర్‌ని మీవాళ్ళు పెంపుడు కుక్కలా చూడటం మొదలెడితే, తల నిమిరి "కూర్చో" అంటే, నీకు నచ్చకపోతే అక్కడే ఆట ఆపి చెప్పు. నక్కగా కరవక్కర్లేదు, నువ్వు నువ్వుగా చెప్పు. ఊళ్ళో జనం రాళ్ళు వేస్తే అది కథ. స్నేహితులు చులకన చేస్తే అది కథ కాదు, మనసులో పెట్టుకుంటే ఆటే చేదవుతుంది. ఎవరు ఎత్తుకోవచ్చు, ఎవరు ఎత్తుకోకూడదు అన్నది మొదటి రోజే చెప్పేస్తే గొడవుండదు. కూతలూ ఊళలూ సెషన్‌కి రెండు మూడు చాలు, పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు.

వచ్చే వారం సీతమ్మధార వైపు పనుంది, అప్పుడు నా పాత డైస్ ఇచ్చి వెళ్తాను. దానికి ఇరవై అంకె సగం అరిగిపోయింది, కానీ బాగానే పడుతుంది.

అన్నట్టు పేరు సంగతి నువ్వు చెప్పలేదు. నక్కకి పాత పేరే ఉంచుతున్నావా, మీవాళ్ళు కొత్తది ఏమైనా పెట్టారా? పాత పేరుతో పిలిస్తే చెవి తిరుగుతుందో లేదో ఆదివారానికి ముందే ఆలోచించుకుని నాకు ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మామయ్య